అమ్మ మోకాళ్లు, కొవ్వులోని మూలకణాలు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం చేరింది. అమ్మకు మోకాళ్ల నొప్పి ఇంతగా ముదిరిందని తెలిసి మనసు కష్టపడింది. నువ్వు జతచేసిన ఆ క్లినిక్ కరపత్రం అక్షరం వదలకుండా చదివాను. పొట్ట దగ్గర కొవ్వు తీసి, అందులోని మూలకణాలను (వేరే రకాల కణాలుగా మారగల స్టెమ్ సెల్స్‌ను) అదే రోజు మోకాళ్లలోకి ఎక్కిస్తారట, అరిగిపోయిన మృదులాస్థి, అంటే కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే కణజాలం, మళ్లీ పెరుగుతుందట. నేను రోజూ ఆ కణాలతోనే పనిచేస్తాను కాబట్టి నా మాట కావాలన్నావు. వద్దనే అంటాను. కానీ ఎందుకు వద్దో నువ్వు అమ్మకు నీ నోటితో చెప్పగలగాలి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొదటే చెబుతున్నాను, ఆ కణాలు కట్టుకథ కాదు. ఒకప్పుడు ఇలాంటి మూలకణాలు కావాలంటే తుంటి ఎముకలోకి సూది దించి మజ్జ తీయాల్సిందే. అంత చేసినా లక్ష కణాల్లో ఒకటి నుంచి పది దాకా దొరికితే గొప్ప. 2001లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా జుక్, మార్క్ హెడ్రిక్ బృందం లైపోసక్షన్‌లో (ఒంట్లోని కొవ్వును గొట్టంతో పీల్చే ఆపరేషన్‌లో) తీసి పారేసే కొవ్వును పరీక్షించింది. అందులోంచి వేరుచేసిన కణాలు తగిన ద్రావణాల్లో ఎముక కణాలుగా, మృదులాస్థిగా, కండరంగా, కొవ్వుగా మారే లక్షణాలు చూపాయి. పైగా కొవ్వులో వాటి వాటా మజ్జలో కంటే వందల రెట్లు ఎక్కువ. ఆ పరిశోధన పత్రం చదివాకే నేను ఈ రంగంలోకి రావాలని నిశ్చయించుకున్నాను.

మా పని ఎలా ఉంటుందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చే కొవ్వు పసుపు, ఎరుపు కలిసిన చిక్కటి ద్రవంలా ఉంటుంది. నెత్తురు పోయేదాకా సెలైన్‌తో పదే పదే కడుగుతాం. తర్వాత కొలాజనేజ్ అనే ఎంజైము కలిపి, 37 డిగ్రీల వేడిలో కదుపుతూ ఉంచుతాం. కణజాలాన్ని పట్టి ఉంచే పీచు కరిగి కణాలు విడిపోతాయి. సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పితే నూనె, కొవ్వు కణాలు పైకి తేలతాయి, గొట్టం అడుగున చిన్న ఎర్రటి ముద్ద మిగులుతుంది. మాకు కావలసింది ఆ ముద్దే. ఈ పద్ధతికి మూలం 1964లో మార్టిన్ రాడ్‌బెల్ ఎలుక కొవ్వు మీద చేసిన పని. ఆయనకు కావలసింది పైన తేలిన కొవ్వు కణాలు. వేరే పరిశోధనకు 1994లో నోబెల్ అందుకున్నారు.

ఆ ముద్దంతా మూలకణాలు కాదు రఘూ. రక్తకణాలు, రక్తనాళాల గోడ కణాలు, రోగనిరోధక కణాలు అన్నీ కలిసి ఉంటాయి. మూలకణాలు విడిగా కావాలంటే ఫ్లాస్కులో వేసి పెంచాలి. అవి అడుగున అతుక్కుంటాయి, మిగతావి కడిగితే పోతాయి. కొన్ని రోజులకు సన్నగా, పొడుగ్గా, ఒకే దిక్కుకు వాలిన కణాలు ఫ్లాస్కు నిండా పరుచుకుంటాయి. ఎన్నేళ్లయినా ఆ దృశ్యం నాకు పాతబడలేదు. అయితే దీనికి రోజులు, వారాలు పడుతుంది. అదే రోజు ఎక్కించేది ఆ కలగాపులగపు ముద్దనే. కరపత్రంలో ఈ సంగతి ఎక్కడా లేదు.

ఇక అసలు విషయం. మోకాలిలోకి ఎక్కించిన కణం మృదులాస్థిగా మారి అక్కడే స్థిరపడుతుందని చాలామంది అనుకుంటారు. ఫ్లాస్కులో మారినట్టు ఒంట్లో మారడం అరుదు. ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లో, వారాల్లో కనుమరుగవుతాయి. ఉన్నంతకాలం వాపును తగ్గించే, కొత్త రక్తనాళాలను పిలిచే పదార్థాలను విడుదల చేస్తాయి. అంటే తాను ఇటుక పేర్చకుండా, పక్కన నిలబడి పని చేయించి వెళ్లిపోయే మేస్త్రీ లాంటివి. అక్కడ పని చేయగల కణాలు మిగిలి ఉంటేనే వీటి వల్ల ఉపయోగం.

నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది క్రోన్స్ అనే పేగుల వ్యాధిలో వచ్చే భగందరం మీద. మలద్వారం పక్కన ఏళ్ల తరబడి మానని పుండు, మనిషిని నలుగురిలోకి రానివ్వని బాధ. మాడ్రిడ్ సర్జన్ డమియాన్ గార్సియా ఓల్మో ఒక యువతికి ఆమె కొవ్వులోంచి పెంచిన కణాలతో చికిత్స చేసి 2003లో ఫలితం ప్రకటించారు. తర్వాత దాతల కొవ్వు కణాలతో మందు తయారైంది, మోతాదుకు 12 కోట్ల కణాలు. 212 మంది మీద జరిపిన పరీక్షలో 24 వారాలకు మందు తీసుకున్నవారిలో నూటికి 50 మందికి, మిగతావారిలో నూటికి 34 మందికి పుండు మానింది. 2018లో యూరప్ అనుమతి ఇచ్చింది. మేమంతా పండగ చేసుకున్నాం. కానీ తర్వాతి పెద్ద పరీక్షలో ఆ తేడా నిలబడలేదు, 2024 డిసెంబరులో మందును యూరప్ మార్కెట్ నుంచి ఉపసంహరించారు. నాకు చాలా బాధ కలిగింది. అయినా ఆ రెండో పరీక్ష జరగడం న్యాయమే.

మోకాళ్లకు కూడా అలాంటి పరీక్షే జరిగింది. అమెరికాలో 475 మందిని నాలుగు జట్లుగా చేసి, ఒక జట్టుకు మజ్జ కణాలు, ఒక జట్టుకు అదే రోజు తీసిన కొవ్వు ముద్ద, మరో జట్టుకు బొడ్డుతాడు కణాలు, నాలుగో జట్టుకు మామూలు స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే మొదటి మూడింటిలో ఏదీ స్టెరాయిడ్ కంటే మెరుగని తేలలేదు. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి. అమ్మకు ఆ క్లినిక్ అమ్మజూపుతున్నది సరిగ్గా ఆ రెండో జట్టు చికిత్సే.

"సొంత ఒంట్లోదే కదా, హాని ఏముంటుంది" అని నువ్వు రాసిన వాక్యం నన్ను భయపెట్టింది. ఫ్లోరిడాలో ఒక క్లినిక్ ముగ్గురు వృద్ధ స్త్రీలకు వాళ్ల కొవ్వు కణాలనే రెండు కళ్లలోకీ ఎక్కించింది. ముగ్గురి చూపూ ఘోరంగా దెబ్బతింది. 2017లో వైద్యపత్రికలో వచ్చిన ఆ నివేదికను మా దగ్గర కొత్తగా చేరే ప్రతి విద్యార్థి చేత చదివిస్తాను. మోకాలు కన్ను కాదు, నిజమే. కానీ కీలులోకి సూక్ష్మజీవులు చేరితే అమ్మ వయసులో కోలుకోవడం చాలా కష్టం.

మన దేశంలో నియమం స్పష్టంగానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ నమోదైన క్లినికల్ ట్రయల్‌లోనే (మనుషుల మీద జరిపే పరీక్షలోనే) జరగాలి, అందులో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. తర్వాత అనుమతి పొందిన మందు ఒకటుంది. బెంగళూరు సంస్థ దాతల ఎముక మజ్జ కణాలతో తయారుచేసింది, 2022లో మోకాళ్ల అరుగుదలకు అనుమతి వచ్చింది. అది మధ్యస్థ దశలకే. దాని పేరు చూపించి కొవ్వు ముద్ద ఎక్కిస్తామంటే నమ్మకు.

కాబట్టి నువ్వు చేయవలసింది చెబుతాను. ఆ క్లినిక్‌కి ఫోన్ చేసి ట్రయల్ రిజిస్ట్రీ నంబరు అడుగు. ఇవ్వలేకపోతే బయానా వెనక్కి తీసుకో. అమ్మ ఎక్స్‌రేలో అరుగుదల ఏ గ్రేడ్ అన్నారో రాయి. రెండో గ్రేడ్ అయితే తొడ కండరాల వ్యాయామం, ఫిజియోథెరపీతో చాలా తేడా వస్తుంది. బాగా ముదిరిన నాలుగో గ్రేడ్ అయితే కీలుమార్పిడి మాట ఎత్తడానికి వెనకాడకు, నేనూ అమ్మతో మాట్లాడతాను. ఆదివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటాను, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చెయ్యి.

నీ
మూర్తి