బాపూ, ఆ తుప్పు తుడువకు

బాపూ,

మొన్న ఫోన్ల "కత్తులు కొంటున్నవట, జీతం ఎక్కువైందా?" అని అడిగినవు. ఎనుక నుంచి అవ్వ "పోలీసులు పట్టుకపోరా?" అన్నది గుడ ఇనపడ్డది. అప్పుడు నవ్వి ఊకున్న. ఇయ్యాల తీరుబాటుగ రాస్తున్న, అవ్వకు చదివి ఇనిపియ్యి.

ముందుగాల పోలీసుల ముచ్చట. జపాన్ల ప్రతి పాత కత్తికి ఒక కాయితం ఉంటది. 1958ల వచ్చిన చట్టం అది. మన పట్టా పాసుబుక్కు మనిషి పేరున ఉంటది గద, ఈ కాయితం కత్తి పేరున ఉంటది. పొడుగెంత, వంపెంత, పిడిలకు పోయే తోకకు బొక్కలెన్ని, దాని మీద ఏం చెక్కి ఉన్నది, అన్నీ అందుల రాస్తరు. కత్తి చేతులు మారితే కొన్నోడు 20 రోజులల్ల ఎరుక చెయ్యాలె. ఎవలికనుకున్నవు? ఠాణాకు కాదు, ఆ కాయితం ఇచ్చిన ప్రిఫెక్చరు (మన జిల్లా అసొంటిది) విద్యా బోర్డుకు! బడులు చూసుకునేటోళ్లే కత్తుల లెక్క గుడ చూస్తరు, ఎందుకంటె చట్టం లెక్కల అది కళావస్తువు. కాయితం లేని కత్తి ఇంట్ల పెట్టుకుంటెనే తప్పు. అవ్వను భయపడొద్దను.

ఇగ నా ముచ్చట. మా ఒకయామ నుంచి రైల్ల కొద్ది దూరం పోతే ఒసాఫునె అని ఊరొస్తది. యోషీ నది ఒడ్డున ఒకప్పుడు ఇంటింటికి కొలిమే. వందల ఏండ్లు ఆ తావు నుంచి దేశమంత కత్తులు పోయినయి. ఇప్పుడు అక్కడ కత్తుల మ్యూజియం ఉన్నది. సెలవు దొరికితే ఆడికే పోతున్న. ఆడనే ఒక ముసలాయన పరిచయమైండు, నలభై ఏండ్ల సంది పోగు చేస్తున్నడట. "ఏ కత్తి కొనాలె?" అని అడిగితే, "ఏడాది దాక ఏదీ కొనకు, చూడు" అన్నడు.

మొదటిసారి ఆయనింట్ల ఒక తాంతో చూపెట్టిండు. అంటే 30 సెంటీమీటర్ల లోపు బాకు. 60 దాటితే కటానా, నడుమ ఉండేది వాకిజాషి. పిడికి ఉన్న సన్నని ఎదురు చీల తీసిండు, ఎడమ చేత్తోని పిడి నిటారుగ పట్టుకోని, కుడి పిడికిలితోని ఆ మణికట్టు మీద మెల్లగ కొట్టిండు. కత్తి పిడిలకెళ్లి వదులై పైకి లేచింది. నేను ఉషారుగ అంచు మీద ఏలు పెట్టిన. కోసుకపోలె గని ఆయన మొఖం మాడింది. ఏలి చెమట అంటితే ఆడ తుప్పు లేస్తదట. ఏమనకుంట మెత్తటి కాయితంతోని తుడిచి, లవంగం వాసనొచ్చే నూనె పూసిండు. అప్పటి సంది కత్తి ముందట నోరు గుడ తెరుస్తలేను, తుంపర పడుతదని.

ఇనుము మెరుస్తుంటె లోపటి తోక మాత్రం నల్లగ తుప్పువట్టి ఉన్నది. నీ కమ్మరి చెయ్యి అయితే ఆగదు, ఇసుక పెట్టి రుద్దుతవు. గట్ల చేస్తే కత్తి పాడైనట్టేనట! ఆ తుప్పు రంగు చూసే ఎన్నేండ్లదో చెప్తరు. కొత్తగ మొదలువెట్టినోళ్లు చేసే పెద్ద తప్పు ఇదేనన్నడు.

రెండో తప్పు పేరు చూసి మోసపోవుడు. తోక మీద పెద్ద కమ్మరి పేరుంటె ధర పెరుగుతది గనుక దొంగ పేర్లు చెక్కుడు వందల ఏండ్ల సంది ఉన్నదే. అందుకని ముసలాయన తోకకు గుడ్డ చుట్టి చూపిస్తడు. ముందు ఆకారం, తర్వాత ఉక్కు మీద కట్టె చారల లెక్క కనవడే పోగు, తర్వాత హామోన్. పేరు ఆఖరుకు.

హామోన్ అంటే అంచు ఎంబడి పోయే తెల్లటి గీత. నీకు చిటికెల అర్థమైతది. కాల్చే ముందు కత్తికి మన్ను పూస్తరు, ఎన్నుకు మందంగ, అంచుకు పల్చగ. ఎర్రగ కాలినంక నీళ్లల్ల ముంచితే అంచు తొందరగ సల్లారి గట్టివడుతది, ఎన్ను మెత్తగనే ఉంటది. ఆ రెంటి నడిమి సరిహద్దే గీత. దీపం కింద వంచి చూస్తే ఒసాఫునె కత్తుల మీద లవంగ మొగ్గలు వరుసగ పేర్చినట్టు కనవడుతది. నువ్వు కొడవలి అంచు ఒక్కటే నీళ్లల్ల పెట్టి తీసేటోనివి, యాదికొచ్చి చాలసేపు చూస్తనే ఉన్న.

గా మ్యూజియంకు సంచోమో అని ఒక కత్తి ఉన్నది. జాతీయ సంపద. ఆ ఊరి మునిసిపాలిటీ జనం దగ్గర చందాలు పోగు చేసి 2020ల 50 కోట్ల యెన్లు పెట్టి కొన్నది. దాని మీద పేరే లేదు బాపూ! నీ కొడవండ్ల మీద గుడ లేకుండె, అయినా అంగట్ల పట్టుకోని "ఇది ఫలానా కొలిమిది" అనేటోళ్లు.

మన కోనసముద్రం ఉక్కు గురించి ముసలాయనకు చెప్పిన. మూసల పెట్టి కరిగించేటోళ్లని, పర్షియా దాక పోయేదని. ఆయన ఇండియా ఉక్కు గురించి చదివిండట గని, నేను ఆ ఊరి పక్కోన్నే అంటే నమ్మలె.

నేను కొన్నది ఒక్క త్సుబా. కత్తికీ పిడికీ నడుమ ఉండే ఇనుప బిళ్ల, అరచేతంత. దానికి ఏ కాయితం అక్కరలేదు. జీతంల అది లెక్కకు గుడ రాదు.

ఒక పని చేసిపెట్టు. తాత చేసిన పాత కొడవలి అటుక మీద ఉన్నది గద. పిడి మెల్లగ ఊడదీసి, లోపటి తోకను రెండు దిక్కుల ఫోటో తీయించి తమ్మునితోని పంపు. ముసలాయనకు చూపిస్త. తుప్పు మాత్రం తుడువకు.

నీ కొడుకు