రాజకీయ కేసులకు గడువు పెట్టాలి
రాజకీయంగా వేడి పుట్టించే కేసులను కోర్టులు ఏళ్ల తరబడి నానబెట్టడం వల్ల, తీర్పు వచ్చేసరికి దాంతో పనే లేకుండా పోతోంది. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయితే సుప్రీంకోర్టు తీర్పు 2023 జనవరిలో వచ్చింది. పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చేందుకు 2018లో మొదలైన ఎన్నికల బాండ్లు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది 2024 ఫిబ్రవరిలో. ఈలోగా ఒక లోక్‌సభ ఎన్నిక జరిగిపోయింది. అమరావతి సంగతి మనకు వేరే చెప్పాలా? 2022 మార్చిలో హైకోర్టు, రాజధానికి భూములిచ్చిన రైతుల పక్షాన తీర్పు ఇచ్చింది, నవంబరులో సుప్రీంకోర్టు అందులో కొంత భాగంపై స్టే ఇచ్చింది. రాజధాని పనులు మళ్లీ కదిలింది 2024లో ప్రభుత్వం మారాకే. గుంటూరులో టీ కొట్ల దగ్గర చూస్తుంటాను: పేపరు చేతిలో ఉన్నా ధర్మాసనం ఏం చెప్పిందో చదవరు, జడ్జిది ఏ కులం, ఎవరి మనిషి అని ఆరా తీస్తారు. వింటుంటే బాధేస్తుంది. కానీ వాయిదా ఎందుకు పడిందో ఎవరూ చెప్పకపోతే జనం ఇంకేం అనుకుంటారు? ప్రభుత్వ నిర్ణయాలు, ఎన్నికల నిధులు, పార్టీ ఫిరాయింపులపై వేసిన కేసులకు విచారణ ముగించే గడువును మొదటి రోజే ప్రకటించాలి. వాయిదా ఎవరడిగారో, ఎందుకిచ్చారో ఆర్డర్‌లో రాయాలి. తీర్పు వెలువడిన రోజే, మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో రెండు పేజీల సారాంశాన్ని నేలపాడులోని హైకోర్టు తన వెబ్‌సైట్‌లో పెట్టాలి.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు