మీ రాకెట్లు రెండు పౌండ్లు వదులుగా ఉన్నాయి: గట్టింగ్ విషయంలో నా సంజాయిషీ

మా కొట్టులో ఈ 2009 జూన్ 1 నుంచి ఆగస్టు 12 వరకు గట్టింగ్, అంటే తీగ అల్లి బిగించడం, చేయించుకున్న బ్యాడ్మింటన్ రాకెట్లన్నీ మీరు అడిగిన టెన్షన్ (పౌండ్లలో కొలిచే తీగ బిగుతు) కన్నా సుమారు రెండు పౌండ్లు తక్కువ బిగుతుతో మీ చేతికి వచ్చాయి. తప్పు నాది. ఈ సంగతి మీలో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ కనిపెట్టలేదు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగిన ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్‌లో ఆడడానికి వచ్చిన ఒక విదేశీ ఆటగాడు చెప్పాడు. చెప్పినప్పుడు నేను ఒప్పుకోలేదు కూడా. ఆ వారం ఏం జరిగిందో మీలో కొందరికి సగమే తెలుసు, కొందరికి తప్పుగా తెలుసు, కనుక మొదటి నుంచి రాస్తున్నాను.

ఆగస్టు 10 నుంచి 16 వరకు జరిగిన ఆ పోటీల కోసం నేను ఈ సంవత్సరం మొదటి నుంచే ఎదురుచూశాను. స్టేడియానికి నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో కొట్టు ఉన్నవాడికి ఆశ ఉండడం సహజమే. తీరా పోటీలు మొదలయ్యే ముందు రోజు భద్రత కారణం చూపి ఇంగ్లండ్ జట్టు తప్పుకుంది. ఆపైన తుపాకులు పట్టుకున్న పోలీసులు, అడుగడుగునా బారికేడ్లు, స్వైన్ ఫ్లూ భయంతో ముక్కుకు గుడ్డలు. ఆటగాళ్లు హోటల్ నుంచి స్టేడియానికి, స్టేడియం నుంచి హోటల్‌కు బస్సుల్లోనే తిరిగారు. ప్రపంచ ఆటగాళ్లను కలుసుకోవడమంటే మా వీధి వాళ్లకు ఎక్కువగా బస్సు అద్దాల వెనుక తలలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోయింది.

ఇక డీలరు సంగతి. ఆరేళ్లుగా నాకు తీగ సరఫరా చేస్తున్న మనిషి ఆయన. ఈ ఆరేళ్లలో నేను ఒక్కసారి కూడా బాకీ పెట్టలేదు. జూలై రెండో వారంలోనే 200 మీటర్ల రీళ్లు ఆరింటికి సగం డబ్బు ముందుగా ఇచ్చాను. పోటీల కోసమే కాదు, ఆగస్టు 15న కాలనీల్లో జరిగే పిల్లల పోటీలకు ప్రతి సంవత్సరం రాకెట్లు కుప్పగా వస్తాయన్న సంగతి ఆయనకూ తెలుసు. ఆగస్టు 3 నాటికి సరుకు చేరుస్తానన్నాడు. 3న ఫోన్ చేస్తే రేపు అన్నాడు, 4న చేస్తే లారీ దారిలో ఉందన్నాడు, 6న ఫోన్ ఎత్తలేదు. 8న నేనే బస్సెక్కి గోదాముకు వెళ్తే, వచ్చిన సరుకంతా పోటీల కోసం ఎక్కువ ఎత్తుకున్న ఒక పెద్ద దుకాణానికి పోయిందని అక్కడి కుర్రవాడు చెప్పాడు. డీలరు బయటికి వచ్చి, "మీది చిన్న కొట్టు కదండీ, ఒక వారం ఆగితే ఏమవుతుంది" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

ఆయన అంతటితో ఆగలేదు. 10వ తేదీ ఉదయం ఒక రీలు పంపించాడు. డబ్బా అచ్చంగా నేను ఎప్పుడూ వాడే రకం డబ్బాలాగే ఉంది, కానీ అక్షరాల రంగు కొంచెం పాలిపోయి కనిపించింది. అనుమానం వచ్చి నా సొంత రాకెట్‌కు బిగించి చూశాను. మా మెషీన్ మనం పెట్టిన పౌండ్ల దగ్గర లాగుడు నిలబెట్టే రకం. మంచి తీగ రెండు మూడు క్షణాల్లో సాగడం ఆపి స్థిరపడుతుంది, ఇది మాత్రం పాత లాగుడు రబ్బరులా సాగుతూనే పోయింది. సాయంత్రానికి చేత్తో నొక్కితే వేళ్ల కింద కదిలిపోతోంది. నకిలీ సరుకు. ఆ రీలు వాడి ఉంటే మీలో చాలామందికి తేడా తెలిసేది కాదని, ఆగస్టు 15 పోటీలకు వరుసలో ఉన్న తొమ్మిది మంది పిల్లల రాకెట్లూ సమయానికి అందేవని మా ఇంట్లోవాళ్లే అన్నారు. నేను దాన్ని అదే డబ్బాలో పెట్టి తిప్పి పంపాను.

అప్పుడు నా దగ్గర మిగిలినది పాత రీలులో సుమారు 60 మీటర్ల తీగ. రాకెట్‌కు పది మీటర్లు పడుతుంది కనుక ఆరు రాకెట్లకు సరిపోతుంది, వరుసలో ఉన్నవి తొమ్మిది. ముగ్గురికి ఎలాగూ క్షమాపణ చెప్పుకోవాల్సిందే అనుకుంటూ 10వ తేదీ రాత్రి షట్టరు దించుతున్న సమయంలో ఒక వాలంటీరు కుర్రవాడు ఆ ఆటగాడిని వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్ద జట్లకు తమ గట్టింగ్ మనుషులు ఉంటారు. అతడిది కోచ్ కూడా వెంట రాని చిన్న జట్టు. రెండు రాకెట్లు తెగిపోయి ఉన్నాయి, మరునాడే మ్యాచ్. 28 పౌండ్లు కావాలన్నాడు. మన దగ్గర ఎక్కువమంది 22 నుంచి 24 వరకు అడుగుతారు. 28 అడిగేవాళ్లు అకాడమీ పిల్లల్లో ముగ్గురో నలుగురో ఉంటారు, అంతే.

ఆ కొట్టు గడప మీద నేను ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తు లేదు. అతడిని కూర్చోబెట్టి టీ తెప్పించి, వరుసలో ఉన్న రాకెట్ల చీటీలు మళ్లీ ఒక్కొక్కటిగా చదివాను. అతిథి కదా, మన ఊరికి వచ్చి ఇబ్బంది పడకూడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అడిగినవాళ్లకు కూడా అదే చెప్పాను. అది పూర్తి నిజం కాదు. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ప్రపంచ పోటీల్లో ఒక్క రాకెట్ అయినా నా చేతి ముడితో కోర్టులోకి వెళ్లాలన్న కోరిక ఆ రాత్రి నన్ను గెలిచింది. రెండు రాకెట్లూ చేశాను. మామూలు కూలి తీసుకున్నాను, ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. దానితో ముగ్గురు కాదు, ఐదుగురు పిల్లలకు రాకెట్లు అందలేదు. అందులో ఇద్దరికి అందకపోవడానికి కారణం డీలరు కాదు, నేనే. వారిలో ఒక అబ్బాయి అరువు రాకెట్‌తో ఆడి మొదటి రౌండులోనే ఓడిపోయాడు. వాళ్ల నాన్నగారు, "ఫారిన్ వాళ్లు వస్తే మేము కనిపించమా" అని పదిమందిలో అడిగారు. ఆయనకు అప్పుడు నేను కోపంగానే జవాబిచ్చాను. ఆ జవాబును ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను.

మ్యాచ్ చూడడానికి టికెట్ కొనుక్కుని పై వరుసలో కూర్చున్నాను. అతడు రెండు గేముల్లో ఓడిపోయాడు, నా తీగ తెగలేదు. చెప్పాలంటే రెండో గేమంతా నేను ఆటను కాకుండా ఆ రాకెట్‌నే చూశాను. మరునాడు సాయంత్రం గ్రిప్పులు కొనుక్కోవడానికి మళ్లీ వచ్చి, చాలా మర్యాదగా, పని శుభ్రంగా ఉంది గానీ 28 కాదు, 26 ఉంటుందని అన్నాడు. కొత్త తీగ ఒక్క రోజులోనే కొంత పట్టు సడలుతుందని, మా మెషీన్ తప్పు చూపదని నేను వాదించాను. అతడు నవ్వి, అది కాదని తల ఊపి, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వలేదు. రాత్రి పది దాటాక కొట్టు తెరిచి, తీగ ఒక కొసను స్ప్రింగ్ త్రాసుకు కట్టి రెండో కొసను మెషీన్‌తో లాగించాను. 28 పౌండ్లంటే 12.7 కిలోలు చూపాలి. ముల్లు 11.8 దగ్గర ఆగింది. మూడుసార్లు లాగించినా అంతే. మే నెలాఖరున మెషీన్‌కు సర్వీసు చేయించాను. సర్వీసు తర్వాత త్రాసుతో సరిచూసుకోవడం ఈ పనిలో మొదటి పాఠం. అది నేను చేయలేదు. పిల్లలకు అందిన ఆ నాలుగు రాకెట్లు కూడా వదులువే, వాటిని మళ్లీ బిగించడానికి అప్పటికి నా దగ్గర తీగ లేదు.

16న చైనా ఆటగాడు లిన్ డాన్ మూడోసారి ప్రపంచ టైటిల్ గెలిచిన ఫైనల్‌కు నా దగ్గర టికెట్ ఉన్నా వెళ్లలేదు. కొట్టులో కూర్చుని నోటు పుస్తకం చూసి జాబితా రాశాను, రెండు వందలకు పైగా రాకెట్లు తేలాయి.

వాటన్నిటికీ తీగ, కూలి రెండూ నావే. సెప్టెంబరు 30 లోపు ఎప్పుడు తెచ్చినా ఉచితంగా మళ్లీ గట్టింగ్ చేస్తాను, చీటీ పోయినా నోటు పుస్తకంలో పేరు ఉంటే చాలు. ఆగస్టు 15న ఆడిన తొమ్మిది మంది పిల్లల రాకెట్లు అన్నిటికన్నా ముందు చేస్తాను, ఆ తర్వాతే మిగతావి. బిగుతు ఎంత ఉందో తెలియక ఇప్పటికే అలవాటు పడిపోయి, ఈ వదులే బాగుందనుకునేవారు చెప్తే అదే పౌండ్లు రాసుకుంటాను, అందులో నాకు నామోషీ ఏమీ లేదు. తీగ ఇప్పుడు బెంగళూరు నుంచి తెప్పిస్తున్నాను. రీలుకు రవాణా ఖర్చు అదనంగా పడుతోంది, అయినా గట్టింగ్ ధర పెంచడం లేదు. పాత డీలరు నిన్న ఫోన్ చేసి పాత ధరకే ఇస్తానన్నాడు. ముందుగా ఇచ్చిన డబ్బు పంపించమని మాత్రమే చెప్పాను. నష్టమని తెలుసు, అయినా ఆయన దగ్గర ఇక కొనను.

స్ప్రింగ్ త్రాసు ఇప్పుడు కౌంటరు పక్కనే మేకుకు వేలాడుతోంది. రాకెట్ ఇచ్చేటప్పుడు ఎవరు అడిగినా మీ కళ్ల ముందే లాగించి చూపిస్తాను, అడగడానికి మొహమాటపడకండి.