పర్మిట్‌పై సంతకం కంటే ముందు శిక్షణ కావాలి

సంపాదకుడికి,

ఫ్యాక్టరీలు, నిర్మాణ స్థలాల్లో సేఫ్టీ ఉద్యోగాలకు కొత్తగా వస్తున్నవారి ఇబ్బంది గురించి ఈ లేఖ. మొదటి మెట్టు ఉద్యోగానికే మూడు నుంచి ఐదేళ్ల అనుభవం కావాలంటున్నారు. ఎలాగోలా చేరినవారికేమో మొదటి వారంలోనే పర్మిట్ (ప్రమాదకర పని మొదలుపెట్టే ముందు ఇచ్చే రాతపూర్వక అనుమతి) పుస్తకం ఇచ్చి సంతకాలు పెట్టమంటున్నారు. ఈ రెండోది ప్రాణాల మీదికి తెచ్చే పని.

ట్యాంకులోకి మనిషిని దించే పర్మిట్‌నే తీసుకోండి. ముందు ఆక్సిజన్, తర్వాత మండే వాయువులు, ఆపైన విషవాయువులు చూడాలి. ఆక్సిజన్ బాగా తగ్గిన చోట మండే వాయువును కొలిచే సాధారణ సెన్సర్ తక్కువ చూపిస్తుంది కాబట్టే ఈ వరుస. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. మండే వాయువు దాని కనిష్ఠ పేలుడు పరిమితిలో (గాలిలో కనీసం ఎంత చేరితే అంటుకోగలదో ఆ మోతాదులో) 10 శాతానికి లోపు ఉండాలి. కొత్తవాళ్లు మూత దగ్గర ఒక్కసారి మీటర్ పెట్టి సరే అనేస్తారు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు, అడుగున చేరుతుంది. మీథేన్ తేలిక, పైకి పోతుంది. అందుకే పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా కొలవాలి. పని ఆపి మళ్లీ మొదలుపెడితే మళ్లీ కొలవాలి. ఇవన్నీ పక్కన నిలబడి చూపించేవాళ్లుంటేనే వస్తాయి.

1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక పేలి తగలబడిన ప్రమాదంలో 167 మంది చనిపోయారు. మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వ్ విప్పేసిన సంగతి రాత్రి షిఫ్టువారికి చేరలేదు. వాళ్లు ఆ పంపునే నడిపారు. పర్మిట్ కాగితం చేతులు మారేటప్పుడు ఏం అడగాలో నేర్పకుండా ఎవరినీ ఆ కుర్చీలో కూర్చోబెట్టకూడదు.

ఇక ఈ రంగంలోకి రావాలనుకునేవారికి: ఫిట్టర్‌గానో, ఎలక్ట్రీషియన్‌గానో, నర్సుగానో, స్టోర్స్‌లోనో పనిచేసి ఉంటే అది అనుభవమే. ఇప్పుడున్న చోటే సేఫ్టీ కమిటీలో చేరండి. ఒక పని ఎంచుకుని దశలుగా విడగొట్టి, ప్రతి దశలో ఏది దెబ్బ తీస్తుందో, దాన్ని ఎలా ఆపుతారో రాయండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: ప్రతి గడిలో ‘హెల్మెట్, గ్లౌజులు’ అని నింపేస్తారు. ప్రమాదాన్ని పూర్తిగా తీసేయగలమా, ప్రమాదం తక్కువున్న పదార్థమో పద్ధతో వాడగలమా, గార్డు లాంటి అడ్డు పెట్టగలమా, పని తీరు మార్చగలమా అని చూశాకే చివరగా రక్షణ సామగ్రి. ఉదాహరణకు మోత పెట్టే యంత్రానికి మొదట వెతకాల్సింది ఇయర్‌ప్లగ్‌లు కాదు, శబ్దం బయటికి రాకుండా మూసే పెట్టె. ఇలాంటి మూడు నాలుగు కాగితాలు ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కట్టకంటే ఎక్కువ చెబుతాయి.

కోర్సుల్లో నెబోష్ (భద్రతా పరీక్షలు నిర్వహించే బ్రిటన్ సంస్థ) ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్‌కు ముందస్తు అనుభవం అక్కర్లేదు, అది మంచి మొదలు. ఐఎస్‌ఓ 45001 (పనిచోటు భద్రత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) అమలును తనిఖీ చేసే లీడ్ ఆడిటర్ కోర్సుకు ముందే డబ్బు కట్టకండి. పనిచోటు తెలియని ఆడిటర్‌కు కాగితాలు తప్ప ఏమీ కనబడవు.

యాజమాన్యాలకు మా విన్నపం: అనుభవం షరతు తగ్గించి ఆరు నెలలు సీనియర్ వెంట తిప్పండి. ఆ సీనియర్ చూస్తుండగా కనీసం ఇరవై పర్మిట్లు సరిచూశాకే సంతకం అధికారం ఇవ్వండి. అప్పటిదాకా కూడా, అనుమానమొస్తే పని ఆపించే హక్కు మొదటి రోజు నుంచే వారికి రాతపూర్వకంగా ఉండాలి.

ఇట్లు,
పారిశ్రామిక భద్రతలో పనిచేసే పాఠకులు