మన ఛానల్‌లో మీ పెళ్లి వీడియోలు ఎందుకు కనిపించడం లేదంటే

తెనాలిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మాతో పెళ్లి వీడియోలు తీయించుకున్న అందరికీ నమస్కారం. లింకు నొక్కితే వీడియో రావడం లేదని పది రోజులుగా ఫోన్లు చేస్తున్నారు. నిజమే, యూట్యూబ్‌లో మా ఛానల్ పోయింది. వేరేవాళ్ల పాటో వీడియోనో అడక్కుండా వాడారని హక్కుదారు ఫిర్యాదు చేస్తే యూట్యూబ్ వేసే దెబ్బను కాపీరైట్ స్ట్రైక్ అంటారు, 90 రోజుల్లో అవి 3 పడితే ఛానల్ తీసేస్తారు, మాకు నెలలోపే మూడూ పడ్డాయి.

సినిమా పాటలు వాడారా అని కొందరు అడిగారు, ఆ మాటకు మనసు చివుక్కుమంది. పది సెకన్లు వాడితే ఏం కాదని ఈ ఫీల్డులో అందరూ అంటారు గానీ 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి లెక్క ఎక్కడా లేదు. పెళ్లిలో, ఊరేగింపులో పాటలు పెట్టుకోవడానికి సెక్షన్ 52 మినహాయింపు ఇచ్చింది, 2023లో కేంద్రం మళ్లీ అదే చెప్పింది, కానీ అదే పాటను వీడియోకి అతికించి నెట్‌లో పెట్టడం వేరే సంగతి. అది తెలిసే, ఆర్డర్లు పోతున్నా సరే, నాలుగేళ్లుగా ఒక్క సినిమా పాట కూడా పెట్టలేదు.

దెబ్బ కొట్టింది వీడియోల వెనక పెట్టుకునే మ్యూజిక్ ప్యాక్ అమ్మినాయన. 18 వేలు తీసుకుని రాయల్టీ ఫ్రీ, అంటే వాడిన ప్రతిసారీ ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదని రసీదు రాసిచ్చాడు. తీరా చూస్తే అందులో మూడు బిట్లు వేరేవాళ్ల రికార్డింగులు, స్పీడు మార్చి పేర్లు మార్చి అమ్మాడు. అడిగితే "అందరూ వాడుతున్నారు కదన్నా" అన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

వీడియో తీసెయ్యడం తప్పు, తిరిగి పెట్టండని యూట్యూబ్‌కి రాసే కౌంటర్ నోటిఫికేషన్ వేసెయ్యమని మా ఆవిడ, ఫ్రెండ్స్ అందరూ అన్నారు. నాలుగు రాత్రులు నిద్రపోలేదు. పొరపాటున తీసేశారని నమ్ముతున్నట్టు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. పొరపాటు కాదని నాకు తెలుసు. నేను తీసిన ఫొటో అడక్కుండా ఫ్లెక్సీకి వాడుకున్నారని షాపు ముందు గొడవపడ్డవాణ్ణి, ఇంకొకరు వాయించినదాని మీద నాకు హక్కుందని ఎలా రాస్తాను? పెట్టలేకపోయాను. ఆరేళ్ల ఛానల్ పోతే పోయింది.

మీ ఒరిజినల్ ఫుటేజ్ అంతా రెండు హార్డ్ డిస్కుల్లో భద్రంగా ఉంది. పైసా తీసుకోకుండా మళ్లీ ఎడిట్ చేసిస్తాను. త్యాగరాజస్వామి 1847లో కన్నుమూశారు కాబట్టి ఆయన కీర్తనలకు కాపీరైట్ లేదు, వాటి రికార్డింగులకు మాత్రం ఉండొచ్చు. అందుకే మా ఊరి సన్నాయి మేళం వాళ్లకు డబ్బిచ్చి, కాగితం రాయించుకుని, మేమే రికార్డు చేయిస్తున్నాం. "సీతా కల్యాణ వైభోగమే" ఇప్పటికే అయింది. సినిమా పాట పెట్టి పెన్‌డ్రైవ్‌లో ఇమ్మని మాత్రం అడగొద్దు, ఇవ్వను.

ఒక్కణ్ణే చెయ్యాలి, టైమ్ పడుతుంది. మీ ఇంట్లో ఇప్పుడు లేని పెద్దవాళ్లు ఆ వీడియోలో ఉంటే ఫోన్ చేసి చెప్పండి, మీది ముందు చేస్తాను.