కాబూల్ అన్నకు, ఇంకా కొందరికి

తెల్లవారుజామున మూడున్నరకు మా పుస్తకం ఫైలు ప్రెస్‌కి వెళ్లిపోయింది. అఫ్ఘానిస్తాన్‌లో మందుపాతరలకు కాళ్లు పోగొట్టుకున్న మామూలు జనం, వాళ్లకి కొత్త కాలు తయారయ్యే తీరు: తెలుగులో 64 పేజీలు. కళ్లు మండుతున్నాయి. ఇప్పుడే రాయకపోతే రేపటికి ఇవి ఉత్త మర్యాద మాటలైపోతాయి.

ఇంట్లోవాళ్లకి థాంక్స్. టీలూ తిట్లూ వేళకి అందాయి.

చెప్పుకోవాల్సింది కాబూల్ అన్న గురించి. పేరు వేయొద్దన్నారు. కృత్రిమ కాళ్లు చేసే టెక్నీషియన్, తనకీ ఎడమ మోకాలి కింద కాలు లేదు. మేమెవరమో ఆయనకి తెలీదు. మాది హైదరాబాద్ ఉర్దూ, ఆయనది సినిమాల హిందీ. డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు, కరెంటు ఉన్నంతసేపు, ఒక్కో పేజీ చదివించుకుని తప్పులు చెప్పారు.

'గాయానికి కుట్లు వేస్తారు' అని రాశాం. ఆయన అక్కడే ఆపేశారు. మైన్ పేలితే మట్టి, చెప్పు ముక్కలు, ఎముక తునకలు కండల పొరల మధ్య పైదాకా ఎక్కిపోతాయి. పైకి కనిపించే గాయం కన్నా లోపలిది పెద్దది. చచ్చిన కండ తీసేసి, గాయాన్ని తెరిచే ఉంచి, నాలుగైదు రోజులకి శుభ్రంగా ఉంటేనే మూస్తారు. మొదటిరోజే కుడితే చీము పట్టి, కాలు ఇంకా పైకి కోయాల్సొస్తుంది.

సాకెట్, అంటే మిగిలిన కాలు దూర్చుకునే గిన్నె, ఆ అధ్యాయమైతే పూర్తిగా ఆయన చలవే. ముందు మిగిలిన కాలికి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోసి దిమ్మ చేస్తారు. మోకాలిచిప్ప కింద ఎముకల్ని కలిపే గట్టి పట్టీ (స్నాయువు) దగ్గర దిమ్మని చెక్కాలి, అక్కడ బరువు ఆనుతుంది. మోకాలి కింద ముందువైపు ఎముక అంచు మీద, బయటివైపు ఎముక గుబ్బ మీద ప్లాస్టర్ కలపాలి, అక్కడ ఒత్తిడి పడకూడదు. ఈ రెండూ మేం తారుమారు చేశాం! తర్వాత పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ షీటుని 180 డిగ్రీల దగ్గర వేడిచేసి, దిమ్మ మీద కప్పి, వాక్యూమ్‌తో లాగుతారు. మోకాలి వెనక అంచు కిందికి దించకపోతే నమాజుకి మోకరిల్లలేరు, నేల మీద కూర్చుని తినలేరు. కాస్త నడిపించి, విప్పి చూడాలి. తోలు మీది ఎరుపు కాసేపటికి పోకపోతే అక్కడ సాకెట్ సవరించాలి. పిల్లలకి ఎముక పెరిగి తోలుని పొడుస్తుంది, మళ్లీ ఆపరేషన్. పెరిగే వయసులో ఏడాదికో కొత్త కాలైనా కావాలి.

తెగిన కాలికి మేం 'మొండి' అని రాశాం. అర్థం అడిగారు. చెప్పి, ఆ మాటకి 'జిద్దీ' అని కూడా అర్థముందన్నాం. కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వి, "సరిగ్గానే పెట్టారు, బరాదర్ జాన్ (ప్రియమైన సోదరా)" అన్నారు. మా గొంతులు పూడుకుపోయాయి.

ఈయనకి పారితోషికం పంపబోతే బ్యాంకు మూడుసార్లు తిప్పికొట్టింది. కారణం రాతపూర్వకంగా ఇవ్వరట. పోనీ ఆవిష్కరణకి పిలుద్దామంటే, 2021 ఆగస్టులో, ఇండియాలో లేని అఫ్ఘాన్లకి అప్పటిదాకా ఇచ్చిన వీసాలన్నీ మన దేశమే రద్దుచేసింది, ఆయనదీ అందులో పోయింది. అదే నెల 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్ పదిమందిని చంపింది, ఏడుగురు పిల్లలు. సెప్టెంబర్ 17న పొరపాటన్నారు. ఒక్కరికీ శిక్ష లేదు. పొరపాటుకి సంజాయిషీ అడగనివాళ్లు, కాలు చేసేవాడి చేతికి నాలుగు డబ్బులు వెళ్తుంటే మాత్రం వంద ప్రశ్నలు వేస్తారు. సరే, ఇది థాంక్స్ పోస్టు.

అయ్యో, రిటైర్డ్ సుబేదార్ గారిని మర్చిపోయా. 2001లో అమెరికా విమానాలు వేసిన ఆహార పొట్లాలు పేలాయని రాసేశాం. పేలింది పొట్లాలు కావు, సీబీయూ-87 అనే క్లస్టర్ బాంబు (గాల్లో విచ్చుకుని చిన్న బాంబులు చల్లేది) లోని చిన్న బాంబులు, ఒక్కో క్లస్టర్ బాంబులో 202. రెండూ పసుపే కావడమే ప్రాణాల మీదికి తెచ్చింది. తర్వాత పొట్లాల రంగు నీలానికి మార్చారు.

బొమ్మలేసిన చెల్లెమ్మకి కూడా. సోవియట్ల సీతాకోకచిలుక ఆకారం మైన్‌కి ఒక రెక్కే లావని, పేలుడు ద్రవం అందులోనే ఉంటుందని పట్టుకుంది తనే. డీటీపీ బాబాయ్‌కి, రాత్రంతా షట్టర్ సగం ఎత్తి ఉంచిన జిరాక్స్ షాపు తమ్ముడికి. ఇంకెవరైనా మిగిలితే కింద తిట్టండి, పొద్దున లేచాక కలుపుతా.