మంత్రి గారూ, కార్డు పక్కన పెట్టి ఒక్కసారి మా పైరు వేరు పీకి చూడండి

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. భూసార పరీక్షల పథకం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కార్డులో ఎన్ని గడులుంటాయో, ఎంతమందికి పంచారో మీరు ప్రతి సభలోనూ చెబుతూనే ఉన్నారు. మా సాగునీటి కాలువలోకి ఫ్యాక్టరీ నీళ్లు వదులుతున్న సంగతీ మీ ఆఫీసుకు తెలుసు. అర్జీలు ఇచ్చాం, రసీదులు దాచుకున్నాం. ‘తగు చర్య నిమిత్తం సంబంధిత అధికారికి పంపడమైనది’ అని జవాబు వచ్చింది. ఆ సంబంధిత అధికారి గారు దాన్ని మళ్లీ మీ ఆఫీసుకే పంపారు. ఆ ఫైలు తిరిగినంత దూరంలో పదో వంతు మా పైరు వేర్లు నేలలోకి దిగి ఉంటే ఈ లేఖ రాసే పనే పడేది కాదు.

ఎట్టకేలకు ఒక బృందం వచ్చింది. మట్టి తీసుకెళ్లింది. కార్డు వచ్చింది. నత్రజని తక్కువ, భాస్వరం మధ్యస్థం, పొటాష్ సరిపడా. పీహెచ్, అంటే నేల పులుపు కొలత, సాధారణం. లవణాలు హానికర స్థాయిలో లేవు. కింద సిఫార్సు: యూరియా మోతాదు పెంచండి. మేము నీళ్ల గురించి మొరపెట్టుకుంటే మీరు ఎరువు రాసిచ్చారు. కాలు విరిగినవాడికి జ్వరం చూసి ఇంటికి పంపినట్టుంది.

ఆ కార్డు అబద్ధమని నేను అనడం లేదు. అందులో ఉన్న అంకెలన్నీ నిజమే అయ్యుండొచ్చు. మా గోడు అది కాదు. అడిగిన దానికి ఆ కార్డులో గడే లేదు. కాడ్మియం లేదు, సీసం లేదు, క్రోమియం లేదు, నికెల్ లేదు. పోషకాల కోసం పెట్టిన పరీక్ష పోషకాలే చెబుతుంది, విషం సంగతి చెప్పదు. చెప్పని దాన్ని ‘లేదు’ అని రాసుకుని ఫైలు మూసేశారు.

ఇక మట్టి తీసిన పద్ధతి. పొలంలో పది చోట్ల గుంటలు తీయాలనీ, 15 సెంటీమీటర్ల లోతు వరకూ పక్కగోడ నుంచి మట్టి గీకాలనీ, గట్ల దగ్గరా చెట్ల నీడలోనూ తీయకూడదనీ మీ శాఖ కరపత్రంలోనే ఉంది. వచ్చినవాళ్లు గట్టు పక్కనే తీశారు. చెప్పులకు బురద అంటకుండా పని అయిపోయింది. 1937లో హోవర్డ్ డిట్మర్ అనే శాస్త్రవేత్త పెట్టెలో పెంచిన ఒకే ఒక్క రై అనే ధాన్యపు మొక్కను నాలుగు నెలల తర్వాత తీసి వేర్లు లెక్కగట్టాడు. కోటీ ముప్పై లక్షలకు పైగా వేర్లు, అన్నీ కలిపి 600 కిలోమీటర్లకు పైగా పొడవు. వేరు మీద నూగులా ఉండే మూలకేశాలు ఇంకో 1,400 కోట్లు. ఒక్క మొక్క నేలను అంతగా తడుముతుంది. మీవాళ్లు గుప్పెడు తడిమి వెళ్లిపోయారు.

మంత్రి గారూ, మీ శాఖలో వ్యవసాయ శాస్త్రం చదివినవాళ్లకు కొదవ లేదు. అందుకే ఇవన్నీ మీకు నేను చెప్పాల్సి రావడమే బాధ. వేరు అంటే నీళ్లు పీల్చే గొట్టం కాదు. దాని కొన ఎప్పుడూ నేలను పరీక్షిస్తూనే ఉంటుంది. తడి ఒక పక్కన ఉంటే పిల్లవేర్లు ఆ పక్కకే పుడతాయి, పొడి పక్కన పుట్టవు. 2014లో ఇది ప్రయోగాలతో తేల్చారు. నత్రజని ఒకచోట పోగైతే అక్కడే గుబురుగా అల్లుకుంటుంది. 1975లోనే బార్లీ మీద చేసి చూపించారు. భాస్వరం చాలకపోతే మూలకేశాలు పొడవు చేసుకుంటుంది. ఆమ్ల నేలలో అల్యూమినియం కరిగి మీదపడితే కొన్ని గోధుమ రకాల వేర్లు మాలిక్ ఆమ్లాన్ని వదిలి దాన్ని కట్టిపడేస్తాయి. ఉప్పు ఎక్కువున్న వైపు నుంచి వేరు పక్కకు వంగి తప్పుకుంటుందని 2013లో రుజువైంది. భూమ్యాకర్షణను కూడా కాదని పక్కకు తిరుగుతుంది. మీ బృందం వచ్చేలోపు ఈ పరీక్షలన్నీ మా పైరు చేసేసింది. రిపోర్టు కూడా రాసిపెట్టింది. చదివే నాథుడే లేడు.

ఆ రిపోర్టులో ఏముందో చెబుతాను, వినండి. ఈ పంట మొక్కను జాగ్రత్తగా తవ్వి, నీళ్లలో ముంచి మట్టి వదిలిస్తే, తెల్లగా సన్నగా ఉండాల్సిన వేరు కొనలు గోధుమరంగులో, మొద్దుబారి కనిపిస్తున్నాయి. పిల్లవేర్లు పొట్టిగా ఆగిపోయాయి. తల్లివేరు కొంత దూరం దిగి, అక్కడ అడ్డంగా తిరిగిపోయింది. రాగిలాంటి లోహాలు ఎక్కువైతే ముందు దెబ్బతినేది ఆకు కాదు, వేరు. ఆకు సంగతి తర్వాత బయటపడుతుంది. మీ అధికారులు గట్టు మీద నిలబడి ఆకు చూసి ‘పచ్చగానే ఉంది కదండీ’ అన్నారు. తర్వాత ఆకులు పసుపు తిరిగినప్పుడు ‘నత్రజని లోపం’ అన్నారు. అంటే ఆకు ఏ రంగులో ఉన్నా తప్పు ఫ్యాక్టరీది మాత్రం కాదు.

ఆ వేరు అడ్డంగా ఎందుకు తిరిగింది? ఫ్యాక్టరీ నీళ్లలో సోడియం ఉంది. అది బంకమట్టి రేణువులను పట్టి ఉంచే కాల్షియాన్ని తోసేసి ఆ చోటు ఆక్రమిస్తుంది. మట్టి గడ్డల అల్లిక విడిపోయి, సన్నటి రేణువులు కిందికి దిగి సందులు పూడుస్తాయి. పైన చెక్కులా కడుతుంది, కింద గట్టి పొర తయారవుతుంది. గట్టి పొరలోకి వేరు దిగకపోవడం బలం చాలకే అని చాలాకాలం అనుకున్నారు. 2021లో వచ్చిన పరిశోధనతో అది పూర్తి నిజం కాదని తేలింది. వేరు ఎప్పుడూ ఎథిలీన్ అనే వాయువును కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది. మట్టి గుల్లగా ఉంటే అది బయటికి పోతుంది. సందులు మూసుకుపోతే పోయే దారి లేక కొన చుట్టూనే పేరుకుంటుంది. దాంతో వేరు పొడవు సాగడం మానేసి లావెక్కుతుంది. అంటే అది దిగలేక ఆగడం ఒక్కటే కాదు, ముందు దారి లేదని గ్రహించి ఆగుతోంది. 15 సెంటీమీటర్ల మట్టి తీసుకుపోయి, పొడి చేసి, జల్లెడ పట్టి పరీక్షించే ల్యాబుకు ఈ గట్టి పొర ఎలా కనిపిస్తుంది? జల్లెడ పట్టాక ప్రతి నేలా గుల్లే.

లవణాల గడి మీద కూడా ఒక మాట. ‘హానికర స్థాయిలో లేవు’ అని రాశారు. ఎవరికి హాని? నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, అంటే నేలలోని నీటి విద్యుత్ వాహకత, మీటరుకు 3 డెసీసీమెన్లు దాటితే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. బార్లీ 8 దాకా ఓర్చుకుంటుంది. బీన్స్ పైరుకు 1 దాటినా కష్టమే. ఏ పైరు వేశామో అడగకుండా రాసే ‘హాని లేదు’కు విలువ ఎంత?

అన్నింటికంటే నన్ను మండించింది ఆ యూరియా సిఫార్సు. యూరియా నేలలో పడ్డాక అమ్మోనియంగా మారుతుంది. వేరు అమ్మోనియంను తీసుకున్నప్పుడు బదులుగా హైడ్రోజన్ అయాన్లను బయటికి వదులుతుంది. దాంతో వేరును ఆనుకుని ఉన్న కొన్ని మిల్లీమీటర్ల మట్టి పులుస్తుంది. అక్కడి పీహెచ్‌కూ కార్డులో రాసిన పీహెచ్‌కూ రెండు పాయింట్ల దాకా తేడా రావచ్చు. వేరు బతికేది ఆ కొన్ని మిల్లీమీటర్లలోనే, కార్డులోని సగటులో కాదు. పులిసిన చోట కాడ్మియం ఇంకా ఎక్కువ కరుగుతుంది, ఇంకా తేలిగ్గా వేరుకు అందుతుంది. పైగా లోహాల వల్ల మొక్కకు ఇనుము సరిగ్గా అందక ఆకులు పసుపు తిరిగితే, వేరు ఏం చేస్తుందో తెలుసా? ఇనుము కోసం మరిన్ని ద్వారాలు తెరుస్తుంది. ఆ ద్వారాలకు ఇనుముకూ కాడ్మియానికీ తేడా సరిగ్గా తెలియదు. ఆకలితో తెరిచిన వాకిట్లోంచి విషం లోపలికొస్తుంది. అలాంటి మొక్కకు మీరు యూరియా పెంచమన్నారు. ఈ సిఫార్సు మీద సంతకం చేసినవారు కంప్యూటర్ ఇచ్చింది చూసి చేశారని నమ్మాలనే ఉంది.

వేరులో వడపోత ఉంటుంది కదా అని ఒక అధికారి గారు ధైర్యం చెప్పారు. ఉంటుంది. వేరు లోపలి కణాల చుట్టూ నీరు చొరబడని పట్టీ ఒకటి ఉంటుందని కాస్పరీ అనే శాస్త్రవేత్త 1865లోనే వర్ణించాడు. కణాల మధ్య సందుల్లోంచి దొంగదారిన వచ్చేదాన్ని అది ఆపుతుంది. సీసం చాలావరకు వేరులోనే చిక్కుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ కాడ్మియం దొంగదారిన రాదు, ఇనుము మాంగనీసుల వాకిలి గుండా రాజమార్గంలో వస్తుంది. నీళ్లు నిలిచిన వరిపొలంలో ఆర్సెనిక్ సిలికాన్ వాకిలి గుండా వస్తుంది. లోపలికొచ్చాక గింజ దాకా వెళ్తుంది. ఆ వడపోతను నమ్ముకుని చూస్తూ కూర్చుంటే ఏమవుతుందో జపాన్ వాళ్లను అడగండి. అక్కడ జింజూ నది పైన గనుల నుంచి వచ్చిన కాడ్మియం వరిపొలాల్లో చేరింది. ఆ బియ్యం తిన్నవాళ్ల ఎముకలు గుల్లబారాయి. నొప్పికి తాళలేక వాళ్లు పెట్టిన కేకలే ఆ జబ్బుకు పేరయ్యాయి: ఇటాయ్-ఇటాయ్, అంటే ‘నొప్పి, నొప్పి’. కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. ఆ తర్వాత ఆ పొలాల మట్టిని బాగుచేయడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. వాళ్ల దగ్గరా ఫైళ్లు ఉండే ఉంటాయి, ‘తగు చర్య నిమిత్తం’ అని.

ఇంకొకరు ఇంకా గొప్ప సలహా ఇచ్చారు. లోహాలను పీల్చే మొక్కలు వేసుకోండి, నేల తనంతట తనే శుభ్రమైపోతుంది అన్నారు. ఆర్సెనిక్‌ను విపరీతంగా పీల్చుకునే ఫెర్న్ ఉందని 2001లో కనుగొన్న మాట నిజమే. జింకునూ కాడ్మియాన్నీ పోగేసుకునే మొక్కలూ ఉన్నాయి. కానీ దానికి ఏళ్లు పడుతుంది. కోసిన మొక్కల్లో విషం ఉంటుంది కాబట్టి వాటిని ఎక్కడ పారేయాలో చెప్పాలి. అన్నేళ్లూ ఆ పొలం మీద రాబడి ఉండదు. అసలు మాట, పైనుంచి నీళ్లు వస్తూనే ఉంటే మొక్క పీల్చేదెంత, ఫ్యాక్టరీ పోసేదెంత? ముందు తూము మూయించండి సార్, ఫెర్న్ సంగతి తర్వాత చూద్దాం.

‘మీరు కోరితే కాలువ నీళ్లు పరీక్ష చేయిస్తాం’ అని మీ అధికారులు అన్నారు. చేయించారు కూడా. పట్టపగలు, ముందే ఫ్యాక్టరీకి తెలిపి. ఆ రోజు కాలువ తేటగా పారింది, చూడముచ్చటగా. నీళ్లు రాత్రి వదులుతారని అర్జీలో రాశాం. వేరుకు రాత్రీ పగలూ లేదు, ఏ నీళ్లు వస్తే వాటిలోనే ఉంటుంది. అందుకే వేరును చూడమంటున్నాను. నీటి నమూనా ఆ గంట సంగతి చెబుతుంది, వేరు పంటకాలం మొత్తం సంగతి చెబుతుంది.

మేము కోరేది పెద్దదేమీ కాదు. మళ్లీ నమూనాలు తీయండి. ఈసారి పొలం మధ్యలో, నడుము లోతు గుంట తవ్వి, ఏ లోతులో మట్టి ఎలా ఉందో విడివిడిగా తీయండి. వేర్లు కడిగి చూడండి. లోహాలకు పరీక్ష చేయించండి. మొత్తం ఎంత ఉందో ఒక్కటే కాదు, వేరుకు అందే రూపంలో ఎంత ఉందో కూడా. పైరు వేర్లలో, ఆకుల్లో, గింజలో కూడా చూడండి. ఆ కాగితాలు మాకూ ఇవ్వండి. ఆ యూరియా సిఫార్సు వెనక్కి తీసుకోండి. నీళ్లు ఆపించండి. నీళ్లు ఆపించే అధికారం మీ శాఖకు లేదంటే, ఎవరికుందో ఆ శాఖ పేరు రాసివ్వండి, వాళ్ల గుమ్మం దగ్గర కూర్చుంటాం. నష్టపరిహారం మాట ఇప్పుడు ఎత్తను, ఎత్తితే అసలు సంగతి పక్కకు పోతుందని మా అనుభవం. అయినా ఒక్క మాట, పరిహారం కూడా ఇవ్వాలి.

నీళ్లు ఆపించండి. ఇది రెండోసారి రాస్తున్నానని తెలుసు.

బృందం వచ్చే తేదీ ఈసారి ఫ్యాక్టరీ వాళ్లకు చెప్పకండి. మాకు కూడా చెప్పనక్కర్లేదు. ఏ రాత్రి వచ్చినా కాలువ గట్టు మీద మాలో ఎవరో ఒకరు కాపలా ఉంటారు, పార ఇస్తారు.

ఇట్లు,
కాలువ చివరి పొలాల రైతు ఒకడు